నిలువుకాళ్ళ కొలువు

కాళ్ళకు గుడ్డపట్టీలు చుట్టుకోవడంతో సిడోనీకి తెల్లవారేది. చీలమండ దగ్గర మొదలుపెట్టి మోకాలి దాకా, జారిపోకుండా, అలాగని మరీ బిగిసిపోకుండా చుట్టాలి. పిక్కల మీద నరాలు నీలంగా ఉబ్బి మెలికలు తిరిగి ఉండేవి. పట్టీ మీద నల్ల మేజోడు, దాని మీద నల్ల పట్టుగౌను. అంతా అయ్యాక అద్దంలో చూసుకుంటే ఏమీ తెలిసేది కాదు. తెలియకూడదు కూడా. మూడు ఊటల అంగడి అనే ఆ పెద్ద దుకాణంలో సరుకు అమ్మే ఆడవాళ్ళకు నడుము పైభాగమే లెక్క. కిందిదంతా కౌంటరు వెనకాలే ఉండిపోతుంది.

ఆమెకు నలభై ఒకటి నిండాయి. ఇరవై రెండో ఏట నివెర్నే ప్రాంతపు పల్లె నుంచి పారిస్ వచ్చి చేతితొడుగుల విభాగంలో చేరింది. అప్పట్లో అంగడికి రెండే అంతస్తులు, గ్యాసు దీపాలు. ఆమె కళ్ళ ముందే చుట్టుపక్కల ఇళ్ళన్నీ కొనేసి, గోడలు పడగొట్టి, నాలుగంతస్తులు లేపారు. నడిమధ్య ఇనుప మెట్లు వేసి పైన అద్దాల కప్పు కప్పారు. గ్యాసు పోయి కరెంటు వచ్చింది. ఆమె తల్లి రోజుల్లో కొట్టు గుమ్మం తొక్కితే ఏదో ఒకటి కొనకుండా బయటికి రావడం మర్యాద కాదు. ధర కూడా కొట్టువాడి నోటికి ఎంతొస్తే అంత. ఇక్కడ అలా కాదు. ధర చీటీ మీద రాసి ఉంటుంది, ఊరికే చూసి పోవచ్చు, నచ్చకపోతే వారం తర్వాత తెచ్చి వాపసు ఇచ్చేయవచ్చు. ఆదివారం చర్చి ఎగ్గొట్టిన అమ్మగార్లు కూడా సోమవారం ఇక్కడికి రావడం మానరు. వస్తారు, తాకి చూస్తారు, కూర్చుంటారు. కౌంటరుకు ఇవతల వాళ్ళ కోసం వెల్వెట్ కుర్చీలు ఉన్నాయి. అవతల సిడోనీ ఉంది, పొద్దున ఎనిమిది నుంచి సాయంత్రం ఏడున్నర దాకా, నిలువుకాళ్ళ మీద.

పని మీద ఆమెకు ఇష్టం లేకపోలేదు. కొనడానికి వచ్చినావిడ మోచేతిని చిన్న దిండు మీద ఆనించి చెయ్యి పైకెత్తి పెడుతుంది. సిడోనీ తొడుగులో కాస్త పౌడరు చల్లి, చెక్క పటకారుతో వేళ్ళు సాగదీసి, ఒక్కో వేలూ కిందికి ఒత్తుకుంటూ తొడుగుతుంది. చివర్న బొటనవేలు. పలచటి మేకతోలు చిరగకుండా, ముడత పడకుండా తొడగడం అందరికీ చేతనయ్యే పని కాదు. చెయ్యి చూడగానే కొలత చెప్పగలదు. మనుషుల మొహాలు మరిచిపోయేది గాని చేతులు మరిచిపోయేది కాదు.

చట్టం సంగతి జనవరి మొదటి వారంలో అంగడిలోకి వచ్చింది. అమ్మకపు పనిలో ఉన్న ప్రతి ఆడమనిషికీ ఒక కుర్చీ చొప్పున యజమాని ఏర్పాటు చేయాలని పార్లమెంటు తీర్మానించిందట. నేలమాళిగలోని భోజనశాలలో చిక్కుడుగింజలూ గొడ్డుమాంసమూ తింటూ ఆడపిల్లలంతా అదే మాట్లాడుకున్నారు. ఎక్కువ మాట్లాడింది ఒదీల్. లొరైన్ నుంచి వచ్చిన పిల్ల, ఇరవై మూడేళ్ళది, సిడోనీ పక్క కౌంటరులోనే పట్టు తొడుగులు అమ్మేది. నోరు ఊరుకునేది కాదు.

"ఐదువందల మంది పెద్దమనుషులు కూర్చుని మన పిర్రల గురించి ఏడాదిపాటు వాదించుకున్నారంటే మాటలా! వాళ్ళు మాత్రం కూర్చునే వాదించుకున్నారులే" అంది. అందరూ నవ్వారు. సిడోనీ కూడా నవ్వింది. నవ్వుతూనే బల్ల కింద బూటు లోంచి మడమ బయటికి లాగి చల్లటి రాతినేల మీద ఆనించింది.

కుర్చీలు నిజంగానే వచ్చాయి. కుర్చీలంటే కుర్చీలు కావు, కౌంటరు వెనక చెక్కకు బిగించిన మడత పీటలు. కిందికి లాగితే తెరుచుకుంటాయి, వదిలేస్తే టప్పుమని మూసుకుంటాయి. కొత్త వార్నిషు వాసన. బిగించిన రోజు ఉదయం అంతస్తు పర్యవేక్షకుడు బెర్తొలోన్ అందర్నీ నిలబెట్టి నాలుగు ముక్కలు చెప్పాడు. ఆయన పూర్వం సైన్యంలో పనిచేశాడు. నల్ల కోటులో, చేతులు వెనక కట్టుకుని, బూట్ల చప్పుడు వినపడకుండా నడిచేవాడు. మన సంస్థ చట్టానికి తలవంచుతుందని, పీటలు అమర్చేశామని, అయితే పని ఉండగా కూర్చునే అమ్మాయిలు మన దగ్గర లేరని తనకు గట్టి నమ్మకమని చెప్పాడు. పని లేని వేళ ఏది అని ఎవరూ అడగలేదు. కొనేవాళ్ళు లేకపోతే పెట్టెలు సర్దాలి, పెట్టెలు సర్దేస్తే దుమ్ము దులపాలి, దులిపేస్తే దుమ్ము పడుతుందేమోనని కాచుకుని నిలబడాలి.

మూడో రోజున ఒదీల్ కూర్చుంది. మధ్యాహ్నం రెండింటివేళ, మంచు పడుతోంది, చుట్టుపక్కల ఒక్క మనిషి లేదు. పీట లాగి, గౌను సర్దుకుని, ఒళ్ళో చేతులు పెట్టుకుని పదినిమిషాలు కూర్చుంది. బెర్తొలోన్ అటుగా వచ్చి, చూసి, తల పంకించి వెళ్ళిపోయాడు. మర్నాడు ఉదయానికి ఒదీల్‌ను గొడుగుల విభాగానికి మార్చారు. గొడుగులు అమ్మేది వీధి తలుపుల పక్కనే. ఆ తలుపులు నిమిషానికి పదిసార్లు తెరుచుకుంటాయి, తెరుచుకున్నప్పుడల్లా చలిగాలి కత్తిలా కోస్తుంది. శిక్ష అని ఎవరూ అనలేదు. అక్కడ చురుకైన పిల్ల కావాల్సి వచ్చిందన్నారు. ఆ తర్వాత ఆ అంతస్తులో పీట ముట్టుకున్న వాళ్ళు లేరు.

పనివాళ్ళ బాగోగులు చూడటానికి ప్రభుత్వం పెట్టిన తనిఖీ అధికారిణి జనవరి ఇరవైన వచ్చింది. యాభై దాటిన మనిషి, వెలిసిపోయిన ఊదారంగు టోపీ, చేతిలో నోటు పుస్తకం. కౌంటరు కౌంటరుకూ తిరిగి పీటలు లెక్కపెట్టింది. లెక్క సరిపోయింది. అందరికన్నా పాతమనిషి ఎవరని అడిగి సిడోనీ దగ్గరికి వచ్చింది. బెర్తొలోన్ నాలుగడుగుల దూరంలో నిలబడి తొడుగుల పెట్టెలను తదేకంగా చూస్తున్నాడు.

"ఈ పీటల మీద మీరు కూర్చుంటున్నారా?" అని అడిగింది అధికారిణి.

సిడోనీకి ఆ క్షణంలో కళ్ళ ముందు మెదిలినవి వీధి తలుపులు. వాటి వెనక ఇంకా దూరంగా, పత్రికల్లో ఉద్యోగ ప్రకటనలు. ముప్పై దాటని వారే కావలెను అని అన్నిట్లోనూ ఉండేది.

"కూర్చుంటామమ్మా, వీలు దొరికినప్పుడు" అంది.

ఆ పెద్దావిడ వంగి పీటను కిందికి లాగింది. దాని మీద తయారీదారు కాగితపు చీటీ అతికించి ఉంది, అంచులు కూడా లేవలేదు. చీటీని వేలితో తడిమి, సిడోనీ మొహంలోకి చూసింది. "నాకు చెప్పిందే నేను రాయగలను" అంది మెల్లగా. కాసేపు ఆగింది. సిడోనీ తొడుగుల పెట్టె మూత సర్దింది. ఆవిడ రాసుకుని వెళ్ళిపోయింది.

ఆ మధ్యాహ్నం భోజనాల దగ్గర ఇద్దరు ముగ్గురు పిల్లలు సిడోనీ భుజం తట్టారు. మంచిపని చేశావక్కా, లేకపోతే మాకందరికీ చుట్టుకునేది అన్నారు. ఆ మెచ్చుకోలు ఆమెకు ముల్లులా గుచ్చుకుంది. ఒదీల్ బల్లకు ఆ చివర కూర్చుని ఉంది. ముక్కు ఎర్రగా ఉంది, దగ్గుతోంది. తిట్టలేదు, ఎత్తిపొడవలేదు. తన వంతు ద్రాక్షసారా తాగేసి గ్లాసు బోర్లించి లేచి వెళ్ళిపోయింది. ఎప్పుడూ వాగే పిల్ల నోరెత్తకుండా పోవడం సిడోనీకి నాలుగు తిట్లకన్నా ఎక్కువైంది.

ఫిబ్రవరి మొదటి సోమవారం తెల్లబట్టల అమ్మకం మొదలైంది. ఏటా ఆ పదిరోజులూ అంగడి అంతా మంచుకొండలా మారుతుంది. దుప్పట్లు, తువ్వాళ్ళు, రవికెలు, తెరలు, అన్నీ తెల్లనివే. మెట్ల రెయిలింగుల నుంచి అద్దాల కప్పు దాకా తెల్లగుడ్డలు వేలాడదీస్తారు. పారిస్ సగం అక్కడే ఉంటుంది. మొదటి రోజు పదకొండింటికే మెట్ల మీద జనం ఇరుక్కుపోయారు. ఆ తోపులాటలో కబురు కౌంటరు నుంచి కౌంటరుకు పాకి సిడోనీకి చేరింది. గొడుగుల దగ్గర ఒదీల్ కళ్ళు తిరిగి పడిపోయిందట, ఇద్దరు సామాను మోసేవాళ్ళు మోసుకుని పైన వైద్యశాలకు తీసుకెళ్ళారట.

భోజనానికి వదిలిన ముప్పావుగంటలో సిడోనీ తిండి మాని నాలుగంతస్తులు ఎక్కింది. ఎక్కేసరికి ఎడమకాలు బరువెక్కి రాయి అయిపోయింది. పైకప్పు కింద చిన్న గదిలో ఆరు మంచాలు. అన్నిటికీ తెల్ల దుప్పట్లే. మూడో మంచం మీద ఒదీల్ ఉంది. జ్వరానికి చెంపలు కాలిపోతున్నాయి. ఊపిరితిత్తులకు నెమ్ము పట్టిందని నర్సు చెప్పింది.

సిడోనీ మంచం అంచున కూర్చుంది. నుదుటి మీద గుడ్డ తడిపి మార్చింది.

"చూశావా అక్కా, చివరికి పడుకోబెట్టారు" అంది ఒదీల్, గొంతు బొంగురుపోయి. "చట్టం పీటే ఇచ్చింది. జ్వరం పరుపు ఇచ్చింది."

"మాట్లాడకే. దగ్గొస్తుంది."

"ఆ ముసలమ్మ అడిగినప్పుడు నువ్వు మాట్లాడి ఉంటే నేనిలా పడుకుని మాట్లాడక్కర్లేకపోయేది." అని కాసేపు కళ్ళు మూసుకుంది. తర్వాత, "కోపం లేదులే. నీ చోట నేనున్నా అదే చెప్పేదాన్నేమో. నాకు తెలీదు" అంది.

సిడోనీ కిందికి దిగి వచ్చి తన కౌంటరులో నిలబడింది. మూడింటికి మదామ్ ఎస్త్రబో వచ్చింది. ఒక నోటరీ గారి వితంతువు, పదిహేనేళ్ళుగా సిడోనీ దగ్గరే కొనేది. డెబ్బై ఏళ్ళ మనిషి, వేళ్ళు కీళ్ళ దగ్గర ముడులు కట్టి ఉంటాయి, ఆ చేతులకు తొడగాలంటే చాలా ఓర్పు కావాలి. వెల్వెట్ కుర్చీలో కుదురుగా కూర్చుని, మోచెయ్యి దిండు మీద ఆనించి, మనవరాలి పెళ్ళికని పన్నెండు బొత్తాల తెల్ల తొడుగులు అడిగింది. ఒకటి బిగుతు అంది. ఇంకొకటి పసుపు పచ్చగా ఉందంది. మూడోది తొడుగుతుండగా పెళ్ళికొడుకు తల్లి ఎంత గయ్యాళిదో చెప్పడం మొదలుపెట్టింది. వెనక ఇంకో ఆరుగురు ఎదురుచూస్తున్నారు. ఎవరో వాపసు తెచ్చిన పెట్టెను కౌంటరు మీద విసిరేశారు.

నాలుగో వేలి దగ్గర సిడోనీ ఎడమ పిక్కలో ఏదో తెగినట్టయింది. నొప్పి తొడ దాకా పాకింది. ఆమె ఆలోచించి చేసింది కాదు. ఒక చేత్తో మదామ్ వేలు పట్టుకునే ఉంది, రెండో చెయ్యి వెనక్కి పెట్టి పీట లాగింది. కూర్చుంది.

కూర్చున్నాక ఒక్కసారిగా ఒంట్లో బలమంతా కారిపోయినట్టయి, లేవడం అనేది తన వల్ల అయ్యే పని కాదని తెలిసిపోయింది. పక్క కౌంటరు పిల్లలు పని ఆపి చూస్తున్నారు. ఆమె ఐదో వేలు తొడగడం మొదలుపెట్టింది. కూర్చుంటే చెయ్యి సరిగ్గా ఎదురుగా ఉంది. వంగక్కర్లేదు, నడుము పట్టేయదు. ఈ పనికి ఇదే సరైన ఎత్తు. ఇన్నేళ్ళూ ఎవరికీ తట్టలేదు, తనతో సహా.

బెర్తొలోన్ ఎటు నుంచి వచ్చాడో తెలియదు. కౌంటరు చివర నిలబడి, కొనేవాళ్ళకు వినపడని గొంతుతో, "సిడోనీ గారూ, లేవండి" అన్నాడు.

"కాసేపాగి లేస్తానండీ."

"అమ్మగారు మీ ఎదురుగా ఉన్నారు."

"ఉన్నారు. ఆవిడ కూడా కూర్చునే ఉన్నారు."

అతని మెడ ఎర్రబడింది. ఒక అడుగు ముందుకు వేశాడు. మదామ్ ఎస్త్రబో చిరాగ్గా తలెత్తి అతన్ని కిందినుంచి పైకి చూసింది. "ఏమయ్యా, వెలుగుకు అడ్డం నిలబడ్డావు. తెలుపో పసుపో నాకేం కనపడుతుంది?" అంది. ఆవిడ సిడోనీ పక్షాన మాట్లాడలేదు. ఆవిడ గోలంతా తొడుగు రంగు గురించే. కాని బెర్తొలోన్ పక్కకు తప్పుకోవాల్సి వచ్చింది. సిడోనీ పన్నెండు బొత్తాలూ పెట్టి, చెయ్యి తిప్పి చూపించింది. బాగుందంది ఆవిడ. రెండు జతలు తీసుకుంది.

అంగడి మూసేశాక సిడోనీని పై అంతస్తులో సిబ్బంది వ్యవహారాలు చూసే పెద్దాయన గదికి పిలిచారు. ఆయన చెడ్డవాడు కాదు. తెల్లగడ్డం, మృదువైన మాట. బల్లమీద ఒక కాగితం సిద్ధంగా పెట్టుకున్నాడు. సిడోనీకి ఆ మధ్యాహ్నం అస్వస్థత కలిగిందని, అందువల్ల కూర్చోవాల్సి వచ్చిందని అందులో రాసి ఉంది. సంతకం చేస్తే రెండురోజులు సెలవు కూడా ఇప్పిస్తానన్నాడు. ఆమె మంచికే చెబుతున్నానన్నాడు. నిజంగా మంచికే చెబుతున్నాడని ఆమెకూ తెలుసు.

కాగితం రెండుసార్లు చదివింది. కలం తీసుకోలేదు.

"నాకు ఒంట్లో బాగానే ఉందండి. అలిసిపోయాను, అంతే" అంది.

"పందొమ్మిదేళ్ళలో ఒక్కసారి కూడా కూర్చోలేదు కదమ్మా. ఈరోజే అలిసిపోయావా?"

"పందొమ్మిదేళ్ళూ అలిసిపోయే ఉన్నానండి."

ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. తనకు ఇంకో దారి లేకుండా చేస్తోందన్నాడు. ఆమె అవునంది. ఇంకో మాట కూడా చెప్పింది. జనవరిలో వచ్చిన అధికారిణికి తను అబద్ధం చెప్పానని, ఆ సంగతి ఆవిడకు ఉత్తరం రాస్తానని, చాటుగా చేయడం ఇష్టంలేక ముందే చెబుతున్నానని. ధైర్యం వచ్చి చెప్పలేదు. భయపడే ఓపిక కూడా అయిపోయింది.

ఆ ఆదివారం ఉత్తరం రాసింది. నాలుగు కాగితాలు చింపేసి, ఐదోదాని మీద ఆరు వాక్యాలు. ఒదీల్ సంగతి ఒక వాక్యం, చీటీ సంగతి ఒక వాక్యం. కింద పూర్తి పేరు పెట్టింది.

రెండు వారాలకు ఆ ఊదా టోపీ ఆవిడ మళ్ళీ వచ్చింది. ఈసారి కౌంటర్ల దగ్గర అడగలేదు. ఒక ఖాళీ గది తీసుకుని, తలుపు వేసి, ఒక్కొక్కరినే పిలిచింది. ఎంతమంది నిజం చెప్పారో సిడోనీకి ఎప్పటికీ తెలియలేదు. కొందరు చెప్పి ఉండాలి. నెలాఖరుకు సిబ్బంది గుమ్మం దగ్గర ఒక ప్రకటన అంటించారు. కొనేవాళ్ళు లేనప్పుడు కూర్చోవచ్చని, అందుకు ఎవరినీ స్థానం మార్చబోమని రాశారు. దాన్ని చదివి కొందరు కూర్చున్నారు. కొందరు కూర్చోలేదు. ఇరవై ఏళ్ళ అలవాటు గోడకు అంటించిన కాగితంతో పోదు. బెర్తొలోన్ మాత్రం బూట్ల చప్పుడు కాస్త వినపడేలా నడవడం మొదలుపెట్టాడని పిల్లలు చెప్పుకున్నారు.

ఆ ప్రకటన రాకముందే సిడోనీని మార్చేశారు. ఉద్యోగం తీసేయడానికి అధికారిణి భయం ఉంది, కౌంటరులో ఉంచడానికి మనసు లేదు. వెనక భవనంలో నమూనాల గదికి పంపారు. ఊళ్ళ నుంచి ఉత్తరం రాసి సరుకు తెప్పించుకునే వాళ్ళకు ఏ బట్ట ఎలా ఉంటుందో తెలియాలి కదా. అందుకని ప్రతి రకంలోనూ చిన్న చిన్న చదరపు ముక్కలు కత్తిరించి అట్టల మీద అతికించి పంపుతారు. పొడవాటి బల్లకు అటూ ఇటూ ముప్పై మంది ఆడవాళ్ళు రోజంతా కూర్చునే కత్తిరిస్తారు. అమ్మకం ఉండదు కనక అమ్మకం మీద వచ్చే వాటా పోయింది. సిడోనీ అద్దెకున్న ఐదో అంతస్తు గది వదిలి, అద్దె తక్కువని అదే ఇంట్లో వెనకవైపు చీకటి గదిలోకి మారింది. జిగురు వాసన మొదట్లో పడేది కాదు. బల్ల మీద పట్టు, మస్లిన్, ఉన్ని కుప్పలు కుప్పలుగా వచ్చి పడేవి. వేళ్ళకు మాత్రం ఏదో లోటు. వెచ్చటి చెయ్యి పట్టుకుని రోజు గడవడం అలవాటైన వేళ్ళు అవి. దాని గురించి ఎవరికీ చెప్పలేదు. చెబితే నవ్వుతారు.

ఒదీల్ మార్చి చివరిదాకా మంచం మీదే ఉంది. బతికి బట్టకట్టింది. తిరిగి అంగడికి రాలేదు. పెద్ద స్టేషన్ దగ్గర ఒక భోజన హోటల్లో డబ్బు తీసుకునే గల్లాపెట్టె ముందు కుదిరింది. దగ్గు పూర్తిగా పోలేదు గాని నోరు మాత్రం మునుపటిలాగే తిరిగి వచ్చింది. సిడోనీ తన కోసం అంత పని చేసిందని నలుగురూ అంటే ఆ పిల్ల ఒప్పుకునేది కాదు. "నా కోసం కాదు, ఆవిడ కాళ్ళ కోసం చేసింది. అదే మంచిది. ఒకళ్ళ కోసం చేస్తే ఎత్తిపొడుస్తారు" అనేది. సిడోనీ ఆ మాట విని, అందులో సగం నిజమేననుకుంది.

ఏప్రిల్‌లో ఒక ఆదివారం ఇద్దరూ కలిసి నది ఒడ్డుకు వెళ్ళాలనుకున్నారు. సిడోనీ ఉదయం ముఖం కడుక్కుని, టోపీ పెట్టుకుని, మంచం మీద ఒక్క నిమిషం నడుము వాల్చింది. కళ్ళు తెరిచేసరికి కిటికీలో ఎండ ఎదురింటి గోడ పైకంటా వెళ్ళిపోయింది. నాలుగు దాటింది. టోపీ ఎవరో తీసి కుర్చీకి తగిలించారు. కాళ్ళ మీద దుప్పటి కప్పారు. బల్ల మీద కాగితంలో చుట్టిన తీపి రొట్టె ఉంది, సగమే ఉంది. కాగితం మీద పెన్సిలు రాత.

"అక్కా, ఇంటి కాపలావాళ్ళావిడ నీ గది తాళం తీసింది. గురక పెడుతున్నావు, లేపబుద్ధి కాలేదు. రెండుగంటలు చూసి నా సగం తినేశాను. వచ్చే ఆదివారం వెళ్దాం."

సిడోనీ మిగిలిన సగం మంచం మీద కూర్చునే తినేసింది. ఒళ్ళో పడ్డ పొడి దులుపుకుని, మళ్ళీ పడుకుంది.